బృహద్ధమని చీలిక: రెండు రకాలు, తొలి గంటల వైద్యం

పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం



నన్ను సాధారణంగా లెక్కల పుస్తకాల నిర్వహణ మీద మాట్లాడమని పిలుస్తుంటారు. ఈ రోజు కార్యక్రమంలో నా పేరు ఎదుట "సభ్యుల ఆరోగ్యం" అని వేశారు. నేను డాక్టరును కాను. సహకార డిప్లొమా చదివి తనిఖీ ఉద్యోగం చేస్తున్నవాడిని. కనుక వైద్యం ఎలా చేయాలో నేర్పడానికి నేను నిలబడలేదు. వైద్యం డాక్టర్ల పని. రోగిని సకాలంలో, సరియైన చోటికి చేర్చడం మన పని. ఆ పని సక్రమంగా జరగాలంటే జబ్బు సంగతి మనకూ కొంత తెలిసి ఉండాలి.

నేను చెప్పబోయే జబ్బు పేరు బృహద్ధమని చీలిక. ఆసుపత్రుల్లో అయోర్టిక్ డిసెక్షన్ అంటారు. ఇది అరుదైన జబ్బు. విదేశాల్లో తీసిన లెక్కల ప్రకారం ఏటా లక్ష మందిలో సుమారు ముగ్గురికి మాత్రమే వస్తుంది. అరుదైనదాని గురించి ఇంతసేపు దేనికని మీరు అడగవచ్చు. నేను తనిఖీకి వెళ్ళే సంఘాల పరిధిలోనే ఇద్దరికి ఇది వచ్చింది. ఒకరు దక్కలేదు. మరొకరు ఈనాటికీ రెండు పూటలా పాలు పోస్తున్నారు. ఆ తేడా ఎక్కడ వచ్చిందో తెలుసుకుంటే మనకు ఉపయోగం.

జబ్బు ఏమిటి?

గుండె నుంచి శరీరం మొత్తానికి రక్తం తీసుకుపోయే పెద్ద గొట్టమే బృహద్ధమని. ఇది వంపు పిడి ఉన్న చేతికర్ర ఆకారంలో ఉంటుంది. గుండె దగ్గర మొదలై కొంత పైకి వెళుతుంది. అక్కడ వంపు తిరిగి, వెన్నెముక వెంట కిందికి దిగి, పొట్టలో రెండు కాళ్ళకు రెండుగా చీలుతుంది. మెదడుకు, చేతులకు, పేగులకు, మూత్రపిండాలకు వెళ్ళే నాళాలన్నీ దీనికి కొమ్మలే.

ఈ గొట్టం గోడకు మూడు పొరలున్నాయి. మన బోరు మోటారుకు తగిలించే రబ్బరు గొట్టాన్ని గుర్తు తెచ్చుకోండి. లోపల నున్నని రబ్బరు, మధ్యలో దారపు అల్లిక, పైన మరో రబ్బరు పొర. ఏళ్ళ తరబడి ఒత్తిడికి లోపలి పొర ఒకచోట చిట్లిందనుకుందాం. నీరు ఆ సందులోంచి పొరల మధ్యకు దూరుతుంది. మోటారు నడిచేకొద్దీ పొరలను విడదీసుకుంటూ ముందుకు పోతుంది. పైకి గొట్టం బాగానే ఉన్నట్లు కనిపిస్తుంది. లోపల మాత్రం అసలు దారి పక్కన ఒక దొంగదారి ఏర్పడుతుంది.

బృహద్ధమనిలో జరిగేదీ ఇదే. గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. ప్రతి దెబ్బకూ చీలిక ఇంకొంచెం సాగవచ్చు. దీనివల్ల మూడు ఉపద్రవాలున్నాయి. ఒకటి, బయటి పొర కూడా పగిలి రక్తమంతా లోపలే కారిపోవడం. రెండు, దొంగదారి ఉబ్బి కొమ్మల మూతులను మూసివేయడం. అప్పుడు మెదడుకు గాని, కాలికి గాని, పేగులకు గాని రక్తం అందదు. మూడు, చీలిక గుండె వైపుకు సాగితే గుండె చుట్టూ ఉన్న సంచిలో రక్తం నిండి గుండెను నొక్కివేయడం, లేదా గుండె కవాటం కారడం.

రెండు రకాలు

ఈ చీలిక ఎక్కడ ఉన్నదనే దాన్ని బట్టి వైద్యమంతా ఆధారపడి ఉంటుంది. 1965లో అమెరికాలోని శస్త్రవైద్యుడు మైకేల్ డిబేకీ, ఆయన సహచరులు దీన్ని మూడు రకాలుగా విభజించారు. 1970లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వైద్యులు దాన్ని రెండు రకాలకు కుదించారు. ఇప్పుడు ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడుకలో ఉన్నది ఈ రెండు రకాల పద్ధతే.

గుండె నుంచి పైకి వెళ్ళే భాగంలో చీలిక ఉంటే అది ఎ రకం. అక్కడి నుంచి కిందివరకు సాగినా, అక్కడితోనే ఆగినా ఎ రకమే. పైకి వెళ్ళే భాగం బాగుండి, వంపు దాటి కిందికి దిగే భాగంలో చీలిక ఉంటే అది బి రకం.

ఎ రకానికి వెంటనే ఆపరేషను కావాలి. బి రకానికి చాలామందిలో మందులతో రక్తపోటును, గుండె వేగాన్ని అదుపు చేస్తే సరిపోతుంది. ఏ రకమైనా మొదటి 14 రోజుల్లో ఉన్నదాన్ని తీవ్ర దశ అంటారు. ఆ 14 రోజుల్లోనూ మొదటి రెండు రోజులు మరీ ప్రమాదం. ఎ రకంలో వైద్యం అందకపోతే ఆ తొలి రెండు రోజుల్లో గంట గంటకు నూటికి ఒకరిద్దరు చొప్పున చనిపోతారని వైద్యగ్రంథాలు చెబుతాయి. పాలు చల్లబరచడంలో ఆలస్యమైతే గంట గంటకు ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇక్కడ నష్టం ప్రాణానిదే.

ఎలా గుర్తించాలి?

2000 సంవత్సరంలో 12 పెద్ద ఆసుపత్రులు కలిసి 464 మంది రోగుల వివరాలు ప్రచురించాయి. వారిలో నూటికి 62 మందిది ఎ రకం. నూటికి 85 మందికి నొప్పి ఉన్నట్టుండి ఒక్కసారిగా వచ్చింది. నూటికి 72 మందికి అంతకుముందే రక్తపోటు జబ్బు ఉంది.

ఈ నొప్పికి కొన్ని లక్షణాలున్నాయి. మెల్లగా పెరిగే నొప్పి కాదు. మొదలైన క్షణంలోనే పూర్తి తీవ్రతతో వస్తుంది. ఎన్ని గంటలకు వచ్చిందో, అప్పుడు ఏం చేస్తున్నారో రోగి చెప్పగలడు. ఛాతీలోనో, రెండు భుజాల మధ్య వీపులోనో చీల్చినట్లు, పొడిచినట్లు ఉంటుంది. కొందరిలో అక్కడ మొదలై నడుముకో, పొట్టకో దిగుతుంది. దానితోపాటు ఒళ్ళు చెమటలు పట్టడం, స్పృహ తప్పడం, మాట తడబడడం, ఒక చెయ్యి లేదా కాలు చల్లబడి మొద్దుబారడం వంటివి ఉండవచ్చు. ఒక చేతిలో రక్తపోటు ఒక లెక్క, రెండో చేతిలో మరో లెక్క కనిపించవచ్చు. 20 పాయింట్లకు మించి తేడా ఉంటే డాక్టర్లు అనుమానిస్తారు. అయితే నాడిలో తేడా దొరికినవారు ఆ 464 మందిలో నూటికి 15 మందే. కనుక తేడా లేదని ధైర్యపడి ఊరుకోకూడదు.

మరొక మాట. గుండెపోటు ఇంతకంటె ఎన్నో రెట్లు ఎక్కువమందికి వస్తుంది. ఛాతీ నొప్పి ఏదైనా ఆసుపత్రికే వెళ్ళాలి. చీలికకు, గుండెపోటుకు వైద్యం మాత్రం ఒకటి కాదు. గుండెపోటులో గడ్డ కట్టిన రక్తాన్ని కరిగించే మందు ఇస్తారు. చీలికలో అదే మందు ఇస్తే ప్రాణాపాయం. ఇ.సి.జి. ఒక్కటే చూసి ఈ జబ్బు లేదని తేల్చడానికీ వీలులేదు. పైన చెప్పిన రోగుల్లో నూటికి 31 మందికి ఇ.సి.జి. మామూలుగానే ఉంది. ఖాయంగా తేల్చేది నాళాల్లోకి మందు ఎక్కించి తీసే సి.టి. స్కానింగు. దాన్ని సి.టి. యాంజియోగ్రాం అంటారు.

ఇద్దరి లెక్క

ఇప్పుడు నేను చెప్పిన ఇద్దరి సంగతి. పేర్లు, ఊళ్ళు చెప్పడం భావ్యం కాదు.

మొదటివారు ఒక సంఘంలో పాలు పరీక్షించే టెస్టరు. వయసు 48. చుట్ట అలవాటు ఉంది. రక్తపోటు ఎప్పుడూ చూపించుకోలేదు. ఒకనాటి ఉదయం 6 గంటలకు పాలవ్యాను వచ్చిన వేళ, 40 లీటర్ల క్యాను ఎత్తిన మరుక్షణం భుజాల మధ్య గొడ్డలి దిగినట్లయింది. తరువాత ఆ దినం ఎలా గడిచిందో ఇంటివారు నాకు చెప్పారు. మన అలవాటు ప్రకారం గంటల లెక్క వేద్దాం.

ఉదయం 6 నుంచి 10 వరకు గ్యాసు నొప్పి అనుకుని సోడా తాగించి, జిందాతిలిస్మాత్ రాసి, వీపు మర్దన చేశారు. 10 గంటలకు ఊళ్ళో ఒక ఇంజక్షను చేయించారు. మధ్యాహ్నం 1 గంటకు నొప్పి కొంచెం తగ్గింది. తగ్గింది కదా అని పడుకోబెట్టారు. సాయంత్రం 4 గంటలకు ఎడమ కాలు మొద్దుబారింది. 5 గంటలకు బండి మాట్లాడారు. రాత్రి 7 గంటలకు పట్టణంలో స్కానింగు తీస్తే ఎ రకం చీలిక అని తేలింది. గుండె ఆపరేషను చేసే పెద్ద ఆసుపత్రికి పంపించారు. దారిలోనే ప్రాణం పోయింది.

మొదటి నొప్పి నుంచి స్కానింగు వరకు 13 గంటలు. అందులో ప్రయాణానికి పట్టింది రెండు గంటలు. మిగిలిన 11 గంటలు "గ్యాసు" అనే ఒక్క మాట మీద పోయాయి. ఇంటివారిని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. వారికి చెప్పినవారు ఎవరూ లేరు. నొప్పి తగ్గడం జబ్బు తగ్గినట్లు కాదని వారికి తెలియదు. ఈ జబ్బులో నొప్పి మధ్యలో కొంత తగ్గడం ఉన్నదే.

రెండవవారు 63 ఏళ్ళ సభ్యురాలు. రెండు గేదెల పాలు పోస్తారు. రక్తపోటు మాత్రలు రాసిచ్చి ఉన్నా, ఒంట్లో బాగానే ఉందని నాలుగు నెలలుగా మానివేశారు. మధ్యాహ్నం గడ్డి మోపు దించుతుండగా వీపులో చీల్చినట్లు నొప్పి వచ్చి పొట్టలోకి దిగింది. ఆమె కుమారుడు వెంటనే 108కు ఫోను చేశాడు. పాత మందుల చీటీ, మాత్రల అట్ట తల్లి కొంగున కట్టి పంపించాడు. ఆసుపత్రిలో రెండు చేతులకూ రక్తపోటు చూశారు. తేడా కనబడింది. స్కానింగులో బి రకం అని తేలింది. ఆపరేషను అవసరపడలేదు. కొన్ని రోజులు ఇంటెన్సివ్ కేర్‌లో ఉంచి మందులతోనే అదుపు చేసి ఇంటికి పంపారు. ఇప్పుడు ఆమె మాత్రలు ఒక్క పూట కూడా తప్పడం లేదు. చెప్పిన గడువుకు స్కానింగుకు వెళ్ళి వస్తున్నారు.

ఇద్దరివీ ఒకే రకం కావు. ఎ రకం సహజంగానే ప్రమాదకరం. మొదటివారు తొందరగా వెళ్ళినా తప్పక బ్రతికేవారని నేను అనలేను. ఆపరేషను బల్ల మీదికి చేరే అవకాశమైనా ఆయనకు ఉండేది.

ఆసుపత్రిలో ఏం చేస్తారు?

ఇది తెలిసి ఉంటే డాక్టర్లు తొందరపెట్టినప్పుడు మనం వెనుకాడము.

రెండు రకాలకూ మొదట చేసేది ఒకటే. నొప్పికి మార్ఫిన్ వంటి గట్టి మందు ఇస్తారు. తరువాత నరం ద్వారా ఎస్మొలాల్, లాబెటలాల్ వంటి మందులతో గుండె వేగాన్ని నిమిషానికి 60కి దించుతారు. రక్తపోటులో పై అంకెను 100కు, 120కి మధ్య నిలుపుతారు. ఇందులో వరుస ముఖ్యం. ముందు గుండె వేగం తగ్గించాలి. ఆ తరువాతనే నాళాలను వదులు చేసే మందులివ్వాలి. ముందే నాళాలను వదులు చేస్తే గుండె మరింత వేగంగా, గట్టిగా కొట్టుకుని చీలికను సాగదీస్తుంది. చిట్లిన గొట్టానికి ముందు మోటారు దెబ్బ తగ్గించాలన్నట్లే.

ఎ రకమైతే ఆపరేషను. ఛాతీ తెరిచి, గుండె పని యంత్రానికి అప్పగించి, చిరిగిన భాగాన్ని తీసివేసి, డేక్రాన్ అనే గుడ్డతో చేసిన గొట్టం కుడతారు. కవాటం పాడైతే దాన్నీ బాగుచేస్తారు లేదా మారుస్తారు. ఇది పెద్ద ఆపరేషను. అన్ని పట్టణాల్లోనూ జరగదు. హైదరాబాదులో నిమ్స్, తిరుపతిలో స్విమ్స్ వంటి గుండె శస్త్రచికిత్స విభాగం ఉన్న ఆసుపత్రులకు చేరాలి. నేను చెప్పిన 464 మంది లెక్కలో, ఎ రకానికి ఆపరేషను జరిగినవారిలో నూటికి 26 మంది ఆసుపత్రిలో చనిపోయారు. ఆపరేషను లేకుండా మందులతోనే ఉంచినవారిలో 58 మంది చనిపోయారు. ఆపరేషను చేయనివారిలో వయసు మళ్ళినవారు, ఇతర జబ్బులున్నవారు కూడా ఉన్నారు. అయినా ఏ దారిన ఎక్కువ ఆశ ఉన్నదో ఈ అంకెలు చెబుతున్నాయి.

బి రకంలో మందులతో ఉంచినవారిలో చనిపోయినవారు నూటికి 11 మంది. బి రకంలో కూడా నాళం పగిలే సూచన ఉన్నా, కాలికో పేగులకో రక్తం అందకపోయినా, నొప్పి ఆగకపోయినా ఊరుకోరు. అటువంటివారికి తొడ దగ్గరి నాళం ద్వారా గుడ్డ తొడిగిన లోహపు జాలీ గొట్టాన్ని పంపి, చిరిగిన చోటును లోపలినుంచి కప్పివేస్తారు. ఛాతీ కోయకుండా చేసే ఈ పద్ధతి మీద మంచి ఫలితాలు 1999లో ప్రచురితమయ్యాయి.

ఆపరేషను మాట వినగానే ముసలివారికి ఇంక దేనికని ఇంటికి తీసుకుపోయేవారున్నారు. వారికి ఒక సంగతి చెబుతాను. ఈ జబ్బుకు 1954లో ఆపరేషను చేసి దారి చూపినవారు ఇందాక చెప్పిన డిబేకీ గారే. 2005 డిసెంబరు 31న, 97 ఏళ్ళ వయసులో, ఆయనకే ఈ చీలిక వచ్చింది. మొదట ఆపరేషను వద్దన్నారు. పరిస్థితి విషమించాక 2006 ఫిబ్రవరిలో ఆపరేషను చేశారు. నెలల తరబడి కోలుకోవలసి వచ్చింది. కోలుకుని 2008 జూలై వరకు జీవించారు. 1760లో ఇంగ్లండు రాజు రెండవ జార్జి ఇదే జబ్బుతో పోయినప్పుడు రాజుకు సైతం వైద్యం లేదు. ఈనాడు పాడిరైతుకూ ఉంది. వేళకు చేరడమే కావలసింది.

ఊళ్ళో మనం చేయవలసినవి

ఇవి ప్రతి సంఘం కార్యాలయంలో రాసి గోడకు అంటించండని మనవి.

ఒకటి: ఉన్నట్టుండి ఛాతీలోనో వీపులోనో భరించరాని నొప్పి వస్తే వెంటనే 108కు ఫోను చేయండి. ఒకప్పుడు ఈ సౌకర్యం లేదు. 2005 నుంచి మన ప్రాంతంలో ఉంది. వాడుకోండి.

రెండు: రోగిని నడిపించవద్దు. మోటారుసైకిలు వెనుక కూర్చోబెట్టవద్దు. పడుకోబెట్టి కదలకుండా ఉంచండి. ధైర్యం చెప్పండి.

మూడు: సోడా, మర్దన, కాపడం, ఊళ్ళో ఇంజక్షను వద్దు. ఆపరేషను అవసరం కావచ్చు గనుక తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వవద్దు. రక్తం పలచబరిచే ఆస్ప్రిన్ వంటి మాత్రలు మీ అంతట మీరు మింగించవద్దు. నొప్పి ఎలా వచ్చిందో 108 సిబ్బందికి చెప్పి, వారు చెప్పినట్లు చేయండి.

నాలుగు: నొప్పి మొదలైన సమయం కాగితం మీద రాయండి. అది ఎక్కడ మొదలై ఎటు పాకిందో కూడా రాయండి. పాత చీటీలు, మాత్రలు, ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు, ఆధార్ కార్డు వెంట పెట్టండి. ఇంట్లో ఎవరైనా ఇలా హఠాత్తుగా పోయి ఉంటే ఆ సంగతీ చెప్పండి.

అయిదు: ఆసుపత్రిలో మర్యాదగా ఒక్క మాట అడగండి. "డాక్టరు గారూ, ఇది పెద్ద రక్తనాళం చీలిక కావచ్చునా? రెండు చేతులకూ బీపీ చూస్తారా?" ఇలా అడిగినందుకు ఏ డాక్టరూ కోపగించుకోరు. హడావుడిలో ఉన్న డాక్టరుకు ఆ మాట సాయపడుతుంది కూడా.

రాకుండా చూసుకోవడం

ఈ జబ్బుకు పెద్ద కారణం అదుపులో లేని రక్తపోటు. రక్తపోటుకు సాధారణంగా నొప్పి ఉండదు. అందుచేత ఉన్నదని తెలియదు. చుట్ట, బీడీ, సిగరెట్టు నాళం గోడను పాడుచేస్తాయి. కొందరికి పుట్టుకతోనే నాళం గోడ బలహీనంగా ఉంటుంది. మార్ఫాన్ జబ్బు ఉన్నవారు బాగా పొడుగ్గా, సన్నని పొడవాటి వేళ్ళతో ఉంటారు. వారికి చిన్న వయసులోనే ఈ చీలిక రావచ్చు. పుట్టుకతో గుండె కవాటంలో లోపమున్నవారు, నెలలు నిండిన, కాన్పయిన స్త్రీలలో కొద్దిమంది కూడా జాగ్రత్తగా ఉండాలి. తల్లిదండ్రులకో, తోడబుట్టినవారికో ఈ జబ్బు వచ్చి ఉంటే మిగిలినవారు ఒకసారి గుండె డాక్టరుకు చూపించుకోవాలి.

రక్తపోటు ఉన్నవారు క్యాను ఒక్కరే ఎత్తవద్దు. ఇద్దరు పట్టండి. శ్వాస బిగబట్టి బరువు ఎత్తితే ఆ క్షణంలో రక్తపోటు ఎగబాకుతుంది.

మిత్రులారా, మన సంఘాల్లో పాలు పోసిన ప్రతి సభ్యుని పాలకూ రెండు పూటలా వెన్నశాతం చూస్తాము. ఒక పాయింటు తగ్గినా సభ్యుడు నిలదీస్తాడు. అదే సభ్యుని రక్తపోటు ఎంతో ఆయనకూ తెలియదు, మనకూ తెలియదు. కావున నా సూచన ఇది. ప్రతి సంఘం సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి ఒక బీపీ మిషను కొనండి. పాల బిల్లులు పంచే రోజున ఆరోగ్య కార్యకర్తను పిలిపించి, 30 ఏళ్ళు దాటిన సభ్యులందరికీ చూపించండి. అంకె 140కి, కింద 90కి చేరినవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపండి. మాత్రలు రాస్తే మానవద్దని చెప్పండి. సభ్యుల పేర్లతో ఒక రిజిస్టరు పెట్టండి.

ఒక్కరి కోసం అందరు, అందరి కోసం ఒక్కరు అనేది సహకార సూత్రం. వచ్చే తనిఖీకి వచ్చినప్పుడు నగదు పుస్తకంతోపాటు ఆ రిజిస్టరు కూడా నా ముందు పెట్టగలరని ఆశిస్తున్నాను.